కర్నూలు, కడప ప్రాంతాల శిలాచిత్రాలు

రాయలసీమ కొండ గవుల్లో ఆదిమానవులు ఖనిజ రంగులతో రాతిమీద వేసిన బొమ్మలివి. కడప జిల్లా ముద్దనూరు మండలంలోని చింతకుంట, ఓర్వకల్లు ప్రాంతంలోని కేతవరం, బనగానపల్లె దగ్గరి జుర్రేరు లోయ వీటికి పేరొందిన చోట్లు. చింతకుంటలో ఎర్రబొమ్మలే ఎక్కువ, తెల్లవి కొద్ది. మూపురం ఎద్దులు, జింకలు, మనుషులు వాటిలో కనిపిస్తారు.

బొమ్మలకు గోడనిచ్చింది ఇక్కడి నేలే. 1872లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఈ శిలలను కడప, కర్నూలు శ్రేణులుగా వర్ణించాడు. గట్టి రాతిపొర కింద మెత్తటి పొర అరిగిపోయిన చోట చూరులాంటి కప్పు మిగులుతుంది. వానకు తడవని ఆ గోడమీదే బొమ్మలు నిలిచాయి.

ఎరుపుకు మూలం జాజు. అందులోని హెమటైట్ అనే ఇనుప ఆక్సైడే ఆ రంగునిస్తుంది. పసుపు జాజును కాలిస్తే అందులోని నీరు ఆవిరై అదీ ఎర్రబారుతుంది. బేతంచర్ల ప్రాంతంలో పసుపు జాజును నేటికీ తవ్వుతున్నారు. రంగులకు, సిమెంటుకు అది పనికొస్తుంది.

వయసు తేల్చడమే కష్టం. ఇనుప ఆక్సైడులో కర్బనం ఉండదు కాబట్టి రేడియోకార్బన్ పద్ధతి ఆ రంగుపై నేరుగా పనిచేయదు. ఏ బొమ్మమీద ఏ బొమ్మ పడింది, ఏ జంతువును ఎలా గీశారు, కింద మట్టిలో ఏ పనిముట్లు దొరికాయి అన్నవి చూసి పరిశోధకులు అంచనా కడతారు.

రంగురాయి వాడకం మాత్రం ఈ సీమలో చాలా పాతది. సుమారు 74,000 ఏళ్ల క్రితం సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు లేచిన బూడిద జుర్రేరు లోయలోని జ్వాలాపురం దాకా వచ్చి పడింది. వాగులు మోసుకొచ్చినదీ కలిసి కొన్నిచోట్ల ఆ పొర రెండు మీటర్లు దాటింది. మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడకు చెందిన రవి కోరిశెట్టర్ తదితరులు అక్కడ తవ్వి, 2007లో ‘సైన్స్’ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. బూడిద పొర కింద రాతి పనిముట్లతోపాటు వారికి ఒక ఎర్ర జాజు ముక్క దొరికింది. దానిమీద వాడకంవల్ల పడ్డ సన్నటి గీతలున్నాయి. దాంతో బొమ్మే వేశారో, ఒంటికే పూసుకున్నారో, తోలుకే రాశారో ఆ గీతలు చెప్పవు.

ఇప్పుడు గవుల్లో బొమ్మలను ఎండ, నీటి చారికలు, సందర్శకుల గీతలు చెరిపేస్తున్నాయి. జ్వాలాపురంలో బూడిదనే తవ్వి, శుభ్రపరిచే పొడుల తయారీకి తరలించారు. పొర తరిగేకొద్దీ, దాని పైనా కిందా ఉన్న పనిముట్లను పోల్చి చూసే చోట్లు కూడా తగ్గిపోతున్నాయి.