రంగం పెట్టె, కారైక్కుడి బజారు, మా ఇంటి గుమ్మం

చెన్నైలో ఫ్లాటు కొనుక్కుని చేరాక మొదలైంది మా ఇంట్లో ఈ పాత సామాన్ల గొడవ. తెల్ల గోడలు, తెల్ల టైల్సు, ఆస్పత్రిలా ఉందని మా ఆవిడ గోల. ఆవిడ చూపించే ఫోటోల్లో మాత్రం ఇళ్ళు భలేగా ఉంటాయి. ఇత్తడి గంగాళంలో మొక్క, పాత తలుపుని పడుకోబెట్టి పైన అద్దం వేసిన టీపాయ్, గోడకి వరసగా ఎనామిల్ పళ్ళేలు. మా అమ్మ అవి చూసి, "ఇవన్నీ మేం వదిలించుకున్నవే కదరా, డబ్బులిచ్చి మళ్ళీ తెచ్చుకుంటారా?" అంది. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాం గానీ, ఆ మాట తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

దక్షిణాదిలో పాత సామాను అంటే అందరూ చెప్పే పేరు కారైక్కుడి. చెన్నై నుంచి నాలుగొందల కిలోమీటర్ల దూరం. ఓ శుక్రవారం సెలవు పెట్టి బయల్దేరాం. అక్కడ మునీశ్వరన్ కోవిల్ వీధిలో వరసగా పాత సామాన్ల కొట్లు. లోపలికి వెళ్తే కొట్టులా ఉండదు, విప్పదీసిన ఊరులా ఉంటుంది. నిలువెత్తు టేకు స్తంభాలు, చెక్కిన ద్వారబంధాలు, మసకబారిన అద్దాలు, రవివర్మ ప్రెస్సు బొమ్మలు, గుమాస్తాలు ముందు పెట్టుకుని లెక్కలు రాసుకునే వాలు పెట్టెలు, గుట్టలుగా ఎనామిల్ గిన్నెలు. చాలా గిన్నెల మీద పొడి అక్షరాలు కొట్టించి ఉన్నాయి. మన ఇళ్ళలో పెళ్ళికిచ్చిన బిందె మీద పేరు కొట్టించేవాళ్ళు చూడండి, అలాగే.

అక్కడ ఒక మూల టేకు పెట్టె కనపడింది. ఇత్తడి మూలలు, ఇనప పట్టీలు. కొట్టాయన "బర్మా టేకు సార్, రంగూన్ నుంచి ఓడలో వచ్చింది" అన్నాడు. నాకు ఒక్కసారిగా మా ఊరి ఇంట్లో రంగం పెట్టె గుర్తొచ్చింది. తెలియనివాళ్ళ కోసం, గోదావరి జిల్లాల్లో, ఉత్తరాంధ్రలో పెద్దవాళ్ళు రంగూనుని రంగం అనేవాళ్ళు. "వాడు రంగం వెళ్ళాడు" అంటే బతకడానికి సముద్రం దాటాడని.

మా ముత్తాత, ఆయన తమ్ముడు ఇద్దరూ కాకినాడలో ఓడెక్కి రంగం వెళ్ళారట. బియ్యం మిల్లులో పని. ముత్తాత యుద్ధానికి ముందే తిరిగొచ్చేశాడు. తమ్ముడు రాలేదు. అన్న వస్తుంటే తన పెట్టె ఇచ్చి పంపాడు, వెనకాల తనూ వస్తానని. మూత లోపలివైపు ఏదో రాసి ఉండేది. నా చిన్నప్పుడు అందులో పాత దుప్పట్లు ఉండేవి. ఆ రాత మేమెవరం చదవలేదు, చదివించలేదు. మా నాన్నమ్మ పోయాక, 1995లో, మా పెద్దమ్మ దాన్ని పాత కలప కొనేవాడికి అమ్మేసి స్టీలు బిందె కొనుక్కుంది. పెద్దమ్మని తప్పుపట్టడానికి చెప్పట్లేదిది. ఆ రోజుల్లో చింతపండు పెట్టి ఇత్తడి తోమితోమి, కళాయి వేసేవాడి కోసం ఎదురుచూసి చూసి, ఆడవాళ్ళ ప్రాణాలు పోయేవి. స్టీలు వాళ్ళకి నిజంగా ఒక విడుదల.

సరే, కొట్లో పెట్టె మూత ఎత్తి లోపల చూశాను. అద్దంలా పాలిష్. "లోపల ఏమన్నా రాసుందా?" అని అడిగితే, "అవన్నీ గీకేసి పాలిష్ పెడితేనే కొంటారు సార్" అన్నాడాయన. అదే నా పెట్టె అని నేననట్లేదు, అయ్యే అవకాశమూ లేదు. కానీ ఇంటికొచ్చాక ఈ సామానంతా ఆ ఒక్క ఊళ్ళో ఎలా పోగుపడిందో చదవడం మొదలుపెట్టాను. తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నా.

కారైక్కుడి చుట్టుపక్కల డెబ్భై అయిదు దాకా ఊళ్ళని కలిపి చెట్టినాడు అంటారు. నాట్టుకోట్టై చెట్టియార్లు, అంటే నగరత్తార్ల ఊళ్ళు. వర్షాధారపు మెట్టనేల, వ్యవసాయం అంతంతమాత్రం. వాళ్ళ బతుకు వ్యాపారం, వడ్డీ. 1852లో ఇంగ్లీషువాళ్ళు దిగువ బర్మాని ఆక్రమించుకున్నారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకుంది. యూరప్ మార్కెట్టు దగ్గరయ్యేసరికి బర్మా బియ్యానికి గిరాకీ పెరిగింది. ఐరావతి డెల్టాలో అడవి కొట్టి మాగాణి చేసే రైతుకి పెట్టుబడి కావాలి. ఇంగ్లీషు బ్యాంకులు ఆ రైతు మొహం చూడవు. ఆ డబ్బు చెట్టియార్లు ఇచ్చారు.

ఆ లాభాలే ఇక్కడ ఇళ్ళయ్యాయి. సుమారు 1850ల నుంచి 1940ల దాకా కట్టినవే చాలా మటుకు. బర్మా టేకు స్తంభాలు, ఇటలీ పాలరాయి, బెల్జియం అద్దాలు, దగ్గర్లో ఆత్తంగుడి ఊళ్ళో గాజు పలక మీద పోసి చేసిన సిమెంటు టైల్సు, గుడ్డు తెల్లసొన కలిపి నున్నగా మెరిసేలా తీసిన సున్నపు పూత. మన మండువా లోగిలిని నాలుగైదింతలు పొడుగు లాగితే ఎలా ఉంటుందో అలా, ఈ వీధిలో మొదలై వెనక వీధిలో తేలే ఇళ్ళు.

ఇక గిన్నెల సంగతి. పెళ్ళికూతురితో పంపే సామానుని వాళ్ళు సీరు అంటారు. మన సారె మాట లాంటిదే. అయితే పది పన్నెండు శాల్తీలతో అయిపోయేది కాదు. ఇత్తడి, రాగి, ఎనామిల్, పింగాణీ, చెక్క... ఒక్కో రకం డజన్ల లెక్కన, జాబితా రాసి మరీ ఇచ్చేవాళ్ళు. పెళ్ళయిన ప్రతి కొడుక్కీ మండువా చుట్టూ ఒక గది, ఆ గదిలో ఆ కోడలి సామాను. వాడినవి కొన్నే, మిగతావి తాళం వేసి ఉంచినవి. ఆ తాళాలు తెరుచుకున్నాకే మనం చూసే గుట్టలు బజారుకొచ్చాయి.

ఇంతవరకూ చెట్టియార్ల కథ. ఆ టేకుకీ, ఆ బియ్యానికీ ఇంకో వైపున మనవాళ్ళు ఉన్నారు. రంగూను రేవులో మూటలు మోసింది, మిల్లుల్లో పనిచేసింది ఎక్కువగా తెలుగువాళ్ళే. బర్మాలో తీరాంధ్ర నుంచి వచ్చినవాళ్ళని కోరంగీలు అనేవాళ్ళు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరది. 1839 తుఫానులో ఆ రేవు ఊడ్చిపెట్టుకుపోయింది గానీ పేరు మాత్రం సముద్రం అవతల మిగిలింది, అదీ తిట్టుగా. 1931 జనాభా లెక్కల్లో రంగూను నగరంలో సగానికి పైగా భారతీయులే. దానికి ముందు ఏడాది, 1930 మేలో, తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే వాళ్ళ స్థానంలో బర్మీయుల్ని పెట్టారు. సమ్మె తేలాక వాళ్ళని పొమ్మన్నారు. ఇద్దరూ బీదవాళ్ళే, ఇద్దరికీ పని కావాలి. కొట్లాట నగరమంతా పాకి వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే.

అదే సమయానికి ప్రపంచ మాంద్యం వచ్చి బియ్యం ధర కూలిపోయింది. రైతులు అప్పు తీర్చలేక భూములు వదిలేశారు. అలా 1930ల చివరికి దిగువ బర్మాలో ముఖ్యమైన వరి జిల్లాల్లో దాదాపు పావు వంతు భూమి చెట్టియార్ల చేతికొచ్చింది. వాళ్ళకి కావలసింది నగదు, వచ్చింది భూమి. బర్మా రైతు దృష్టిలో మాత్రం భూమి మింగినవాళ్ళు. అందరూ ఒక్కలా మునగలేదు లెండి. 1900లో మౌల్మీన్‌లో మొదలైన మురుగప్ప కుటుంబం 1930లలోనే పెట్టుబడి ఇండియాకి తరలించి ఇక్కడ పరిశ్రమలు పెట్టింది. అలా తరలించలేనివాళ్ళని 1941 డిసెంబరులో రంగూను మీద పడ్డ జపాన్ బాంబులు పట్టుకున్నాయి. 1942 మార్చిలో నగరం జపాన్ చేతిలోకి వెళ్ళింది. లక్షల మంది భారతీయులు అడవులూ కొండలూ దాటి నడిచొచ్చారు, దారిలో పోయినవాళ్ళు పోయారు. మా ముత్తాత తమ్ముడు అందులో ఉన్నాడో, అసలు రంగం వదల్లేదో మాకు తెలీదు.

1948లో బర్మా స్వతంత్రం అయ్యాక భూముల జాతీయీకరణ చట్టం వచ్చింది. 1962లో సైన్యం గద్దెనెక్కింది, 1964లో కొట్లూ వ్యాపారాలూ లాక్కుంది. మళ్ళీ లక్షల్లో తిరిగొచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు అందుకే.

ఇప్పుడు చెట్టినాడు ఇంటి పరిస్థితి ఊహించుకోండి. ఆదాయం ఆగిపోయింది. ఇల్లు మాత్రం యాభై గదులది. పిల్లలు మద్రాసు, సింగపూర్ వెళ్ళిపోయారు. రెండు మూడు తరాలు తిరిగేసరికి ఒక్క ఇంటికి పదుల సంఖ్యలో వారసులు. మండువాని ముక్కలు చేసి పంచుకోలేరు, పెంకులు మార్చే ఖర్చు ఎవరు పెట్టాలో తేలదు. స్తంభం, తలుపు, గిన్నె అయితే పంచుకోవచ్చు, అమ్మి డబ్బు పంచుకోవడం ఇంకా సులువు. చివరికి నిలబడి ఉన్న ఇంటికన్నా పడిపోయిన ఇంటికే విలువ ఎక్కువైంది. 2014లో ఈ ఊళ్ళ పేరు యునెస్కో వారసత్వ సంపద తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. కొన్ని ఇళ్ళు హోటళ్ళయ్యాయి, కొన్నిటికి ఏడాదికోసారి తాళం తీస్తారు.

"మేం కొనకపోతే పొయ్యిలోకి పోతుంది సార్" అన్నాడు కొట్టాయన. నిజమే, చాలా వస్తువులు ఆయన వల్లే బతికున్నాయి. కానీ స్తంభానికి లక్షలొస్తాయని తెలిశాక, మరమ్మతు చేయిద్దామా పడగొడదామా అని ఊగుతున్న వారసులు ఎటు మొగ్గుతారో చెప్పక్కర్లేదు. మన ఫ్లాట్ల ముచ్చటకి ఆ లెక్కలో వాటా ఉంది. చట్టం సంగతికొస్తే, 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళాఖండాల్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. అమెరికాలో ఇంటికి పట్టుకెళ్దామనుకునే మిత్రులు గుర్తుపెట్టుకోండి. 1920లో చేసిన స్తంభానికి కూడా ఇప్పుడు నూరేళ్ళు నిండాయి.

వేరే దారి లేదా అంటే ఉంది. చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్రలో ఒక చెట్టినాడు ఇంటిని విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. ఉత్తరాంధ్ర చుట్టిల్లు కూడా ఉందక్కడ. స్తంభం ఎక్కడుండాలో అక్కడుంది, ఎవరి ఇల్లో, ఎక్కడిదో రాసుంది. ప్రతి ఇంటినీ అలా చెయ్యలేం, ఒప్పుకుంటాను. నేనడిగేది ఆ రాసిపెట్టడం గురించే.

మా వృత్తిలో ఒక బాధ ఉంది. ఎవరో రాసిన కోడ్ చేతికొస్తుంది, పనిచేస్తూనే ఉంటుంది, ఎవరు రాశారో ఎందుకు రాశారో ఒక్క ముక్క ఉండదు. పాత సామాను బజారు మొత్తం అలాంటిదే. ఆ స్తంభంలో బర్మా రైతు పోగొట్టుకున్న పొలం ఉంది, చెట్టియార్ కూడబెట్టి పోగొట్టుకున్నది ఉంది, రేవులో మనవాళ్ళ కూలి ఉంది. పాలిష్ పెట్టేసరికి "వింటేజ్" అన్న ఒక్క మాట మిగిలింది.

కారైక్కుడిలో నేను పెట్టె కొనలేదు. మా ఆవిడ మాత్రం ఒక ఎనామిల్ కారియర్ తీసుకుంది, దానిమీద మూడు తమిళ అక్షరాలున్నాయి. ఎవరివో తెలీదు, ఇక తెలిసే దారీ లేదు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం, మొన్న ఊరి నుంచి బాబాయ్ ఫోన్. "ఇల్లు తీసేస్తున్నాంరా, నలుగురం ఒప్పుకున్నాం. గుమ్మానికి పాత కలపవాడు నలభై వేలంటున్నాడు. నీకు కావాలా?" అన్నాడు. ఇల్లు తియ్యొద్దు బాబాయ్ అనే హక్కు నాకు లేదు, నెలకోసారి వెళ్ళి దీపం పెట్టేది ఆయనే, కారే పెంకులు సర్దించేదీ ఆయనే. నలభై వేలూ పంపేశాను. ఆ గుమ్మం మా ఫ్లాటులో ఏ గోడకీ పట్టదు, ప్రస్తుతం బాబాయ్ వాళ్ళ పశువుల పాకలో పడుకుని ఉంది. నేనూ మా తమ్ముడూ వెళ్ళి కూల్చకముందే గది గదికీ ఫోటోలు తీసి, టేపుతో కొలిచి పటం గీశాం. పెద్దమ్మకి ఎనభై దాటాయి. ఆవిణ్ణి కూర్చోబెట్టి ఏ గది ఎవరిది, ఏ మూల ఏముండేది అని అడిగి రికార్డు చేశాం. పెట్టె సంగతి కూడా అడిగాను. "మూత లోపల ఆయన పేరేరా రాసుకున్నాడు. పేరు, ఇంకేదో అడ్రసు. మీ నాన్నమ్మ అప్పుడప్పుడు తడిమి చూసేది" అంది.

అడ్రసు ఏమిటో ఆవిడకి తెలీదు.

మీ ఇళ్ళలో పాత వస్తువులుంటే ఉంచుకోండి, అమ్ముకోండి, మీ ఇష్టం. ముందు ఒక కాగితం మీద అది ఎవరిదో, ఎక్కడ్నుంచి వచ్చిందో రాసి లోపల అంటించండి. పెద్దవాళ్ళు ఉండగానే అడగండి. గుమ్మానికి వెనకవైపు నేను ఆ పని చేసేశాను.