పరమాణువు ఎవరిది?

ఐర్లండ్‌లో లీవింగ్ సర్టిఫికెట్‌కు రసాయనశాస్త్రం చదివే పిల్లలకు పరమాణు సిద్ధాంత చరిత్ర ఒక పేర్ల వరుసగా పరిచయమవుతుంది. గ్రీకులు, డాల్టన్, క్రూక్స్, స్టోనీ, థామ్సన్, రూథర్‌ఫర్డ్, బోర్. బ్లాంచర్డ్స్‌టౌన్ తెలుగు ఇళ్ళలో ఆ పాఠం తెరిచి కూర్చున్నప్పుడు పక్క గదినుంచి మరొక పేరు వినిపించడం కద్దు: కణాదుడు. ఇదంతా మన ఋషి రెండువేల యేళ్ళ క్రిందటే చెప్పాడని తాతగారో నాన్నగారో అంటారు. పిల్లవాడు పుస్తకం వైపు ఒకసారి, పెద్దల వైపు ఒకసారి చూసి ఊరుకుంటాడు. పరీక్షలో వ్రాయడానికి ఒక చరిత్ర, ఇంట్లో తల ఊపడానికి మరొక చరిత్ర. ఇలా రెండుగా చీలిపోవడం ఆ పిల్లవాడికీ మేలు కాదు, కణాదునికీ గౌరవం కాదు. ఈ రెండింటినీ ఒకచోట కూర్చోబెట్టి ఆలోచించడానికి పనికివచ్చే మనిషి ఒకడు డబ్లిన్ నగరంలోనే జీవించాడు. పై వరుసలో అతని పేరు లేదు. అతడు విలియం హిగ్గిన్స్. అతని కథకు ముందు, కణాదుని సంప్రదాయం నిజంగా ఏమన్నదో తెలుసుకోవాలి.

కణాదుడంటే కణములను తినేవాడు. పొలాల్లో రాలిన గింజలను ఏరుకొని బ్రతికాడు గనుక ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. ఆయన ప్రవర్తింపజేసిన వైశేషిక దర్శనంలో పృథివి, జలము, తేజస్సు, వాయువు అనే నాలుగు ద్రవ్యాలకు పరమాణువులున్నాయి. ఆకాశానికి లేవు. పరమాణువు నిత్యం, విభజనకు లొంగనిది. రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్ర్యణుకం. కిటికీ సందులోంచి పడే ఎండలో తేలియాడే ధూళికణమే ఆ త్ర్యణుకమనీ, కంటికి కనిపించే వస్తువుల్లో అదే అత్యల్పమనీ వారి లెక్క. విభజన ఎక్కడో ఒకచోట ఆగి తీరాలనడానికి వారు చూపిన యుక్తి చాలా అందమైనది. ఆవగింజనూ మేరుపర్వతాన్నీ అంతులేకుండా విభజిస్తూ పోగలిగితే రెండింటికీ అనంతమైన భాగాలే ఉంటాయి. అప్పుడు ఆవగింజకూ మేరువుకూ పరిమాణంలో భేదం ఎలా చెప్పగలం?

వారి వాదాల్లో నాకు మరీ ఇష్టమైనది కుండ గురించినది. పచ్చికుండను ఆవములో కాలిస్తే ఎర్రబడుతుంది. రంగు మారినది కుండకా, కుండలోని పరమాణువులకా? వేడికి కుండ పరమాణువులుగా విడిపోయి, ఆ పరమాణువుల్లో రంగు మారి, అవి తిరిగి కలిసి కుండగా ఏర్పడతాయని వైశేషికులన్నారు. కుండ కుండగా ఉండగానే మారుతుందని నైయాయికులన్నారు. ఒక వస్తువు గుణం మారినప్పుడు ఆ మార్పు ఎంత లోతున జరుగుతోందన్న ప్రశ్న అది. రసాయనశాస్త్రం ఈనాటికీ అడిగే ప్రశ్నలకు అది దూరపు చుట్టం కాదు, దగ్గరి బంధువు. ఈ శాస్త్రాన్ని బాలురకు అందేలా సంగ్రహించి 17వ శతాబ్దంలో 'తర్కసంగ్రహం' రచించిన అన్నంభట్టు ఆంధ్రుడని ప్రసిద్ధి. కాశీకి వెళ్ళినంత మాత్రాన ఎవడూ అన్నంభట్టు కాలేడని పండితుల్లో ఒక నానుడి కూడా ఉంది.

ఇంత చెప్పిన దర్శనం ఒక పని మాత్రం చేయలేదు. పరమాణువు బరువెంత అని అడగలేదు. పృథివీ పరమాణువు జల పరమాణువుకంటె ఎన్ని రెట్లు బరువైనదో తేల్చడానికి తరాజును తీసుకురాలేదు. అది లోపమని నేననను. సత్పదార్థాలెన్ని, వాటిని తెలుసుకోవడం ఎలా అన్నది వారి విచారం. తరాజు మరొక విచారానికి చెందిన పనిముట్టు.

ఇక హిగ్గిన్స్ సంగతి. 1763లో స్లైగో కౌంటీలోని కలూనీలో పుట్టాడు. లండన్‌లో రసాయన ప్రయోగశాల నడిపే బంధువు బ్రయన్ హిగ్గిన్స్ వద్ద పని నేర్చుకున్నాడు, కొంతకాలం ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నాడు. ఆ రోజుల్లో రసాయనశాస్త్రజ్ఞులు రెండు పక్షాలై ఉండేవారు. మండే ప్రతి వస్తువులోనూ ఫ్లోజిస్టన్ అనే పదార్థం దాగి ఉండి, మండేటప్పుడు బయటికి పోతుందన్నది పాత పక్షం. మండడమంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలవడమేనన్నది పారిస్‌లోని లవోయ్జియే పక్షం. ఐర్లండ్‌కే చెందిన రిచర్డ్ కిర్వన్ పాత పక్షాన్ని సమర్థిస్తూ 1787లో ఒక గ్రంథం వ్రాశాడు. దానిని ఖండిస్తూ 1789లో హిగ్గిన్స్ పుస్తకం వెలువడింది. ఖండించినవాడికి వయస్సు ఇరవయ్యారు దాటలేదు. కిర్వన్ కొద్ది సంవత్సరాల్లోనే తన పక్షాన్ని వదులుకున్నాడు. పండితుడు బహిరంగంగా మనసు మార్చుకోవడం నాడూ నేడూ అరుదే గనుక ఈ మాట చెప్పకుండా ముందుకు పోలేను.

ఆ వాదపు పుస్తకంలో, దారిలో దొరికిన వస్తువులా, ఒక కొత్త ఆలోచన ఉంది. పదార్థాలు వాటి అంత్యకణాల స్థాయిలో కలుస్తాయని హిగ్గిన్స్ అన్నాడు. నైట్రోజన్ కణం ఒకటి ఆక్సిజన్ కణాలతో ఒకటికి ఒకటి, ఒకటికి రెండు, ఒకటికి మూడు, ఇలా ఐదు వరకు కలవవచ్చుననీ, అలా కలిసినప్పుడల్లా వేరొక పదార్థం ఏర్పడుతుందనీ వివరించాడు. కణాలకు అక్షరాలు పెట్టి, వాటి మధ్య గీతలు గీసి, ఆ గీతలపై ఆకర్షణబలాన్ని అంకెలతో సూచించాడు. నేటి పాఠ్యపుస్తకంలోని బంధాల బొమ్మలు చూసినవారికి ఆ పటాలు ఎక్కడో చూసినట్టే ఉంటాయి. నీరు హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువుల ఒక్కొక్క కణం కలయిక అని కూడా అన్నాడు. అది తప్పు. ఆ తప్పు మళ్ళీ మన కథలోకి వస్తుంది.

ఆ తర్వాత హిగ్గిన్స్ డబ్లిన్‌కు తిరిగివచ్చి వేరే పనుల్లో పడ్డాడు. నారబట్టల పరిశ్రమను పర్యవేక్షించే లినెన్ బోర్డుకు రసాయనజ్ఞుడయ్యాడు. నారబట్టను తెల్లబరచడం గురించి 1799లో ఒక పుస్తకం వ్రాశాడు. డబ్లిన్ సొసైటీలో రసాయనశాస్త్ర ఆచార్యుడయ్యాడు. ఆ సొసైటీకే తర్వాత రాయల్ డబ్లిన్ సొసైటీ అని పేరు వచ్చింది. 1815లో అది కిల్డేర్ వీధిలోని లెన్‌స్టర్ హౌస్‌ను కొన్నది. 1825లో మరణించేవరకు హిగ్గిన్స్ ఆ సంస్థకు చెందినవాడే. నేడు ఐర్లండ్ పార్లమెంటు కొలువైన భవనం అదే. డాయిల్ సభ్యులు కూర్చునే మందిరం కూడా ఒకప్పుడు ఆ సొసైటీ తరువాతి కాలంలో కట్టించుకున్న ఉపన్యాసశాలే.

ఈలోగా మాంచెస్టర్‌లో జాన్ డాల్టన్ అనే బడిపంతులు గాలులనూ వానలనూ కొలుస్తూ, వాయువులు నీటిలో కరగడం గురించి ఆలోచిస్తూ, మరొక దారిన పరమాణువు దగ్గరకు వచ్చాడు. 1803లో అతడు అక్కడి విద్వత్సభలో ఒక పట్టికను చదివాడు. హైడ్రోజన్ పరమాణువు బరువును ఒకటిగా తీసుకొని, తక్కిన పరమాణువులు దానికి ఎన్ని రెట్లో ఆ పట్టిక చెప్పింది. 1808లో అతని గ్రంథం వెలువడింది. కంటికి కనిపించని వస్తువును అతడు తూచిన పద్ధతి చూడండి. నీటిలో ఒక పాలు హైడ్రోజన్‌కు సుమారు ఏడు పాళ్ళ బరువున ఆక్సిజన్ ఉన్నదని ఆనాటి కొలత. నీటిలో రెండూ ఒక్కొక్క పరమాణువే ఉన్నాయనుకుంటే ఆక్సిజన్ పరమాణువు బరువు ఏడు. కొలత మెరుగైతే అది ఎనిమిది అవుతుంది. నీటిలో హైడ్రోజన్ పరమాణువులు రెండని తెలిస్తే పదహారు అవుతుంది. హిగ్గిన్స్ చేసిన తప్పునే డాల్టన్ కూడా చేశాడు. అయితే డాల్టన్ తప్పులో ఒక అంకె ఉంది. అంకె ఉన్న తప్పును ఇతరులు తూచి సరిదిద్దగలరు.

1811 ప్రాంతంలో లండన్‌లోని సుప్రసిద్ధ రసాయనజ్ఞుడు హంఫ్రీ డేవీ ఈ ఆలోచన హిగ్గిన్స్ పాత పుస్తకంలో ముందే ఉన్నదని ఎత్తిచూపాడు. హిగ్గిన్స్ ఊరుకోలేదు. 1814లో మరొక గ్రంథం ప్రకటించి, పరమాణు సిద్ధాంతం తనదేనని గట్టిగా వాదించాడు. డాల్టన్ పక్షంవారు అంతే గట్టిగా బదులిచ్చారు. డాల్టన్ అతని పుస్తకాన్ని చూసి వ్రాశాడనడానికి ఆధారం లేదు. లోకం చివరికి డాల్టన్‌నే తలచుకున్నది. నా దృష్టిలో అది అన్యాయం కాదు. హిగ్గిన్స్ గీతలపై వేసిన అంకెలు ఊహించినవి, తూచినవి కావు. ఇరవై అయిదు సంవత్సరాలు ఆ ఆలోచనను ప్రయోగశాలలోకి తీసుకుపోకుండా విడిచి, మరొకడు దానిని నిలబెట్టిన తరువాత హక్కు అడిగాడు. అలాగని అతని పటాలను చెరిపివేయడం కూడా సత్యం కాదు. 1789లో ఆ బొమ్మలను గీసినవాడు అతడే.

కణాదుని గురించి పిల్లలకు చెప్పేటప్పుడు ఈ డబ్లిన్ తగాదాను గుర్తుంచుకోవాలని నా మనవి. పుస్తకం అచ్చయి, తేదీ ఉండి, పటాలు కూడా గీసిన హిగ్గిన్స్‌కే ఆధునిక సిద్ధాంతంపై పూర్తి హక్కు దక్కనప్పుడు, వేరొక ప్రశ్నకు జవాబు వెదికిన ఋషికి ఆ హక్కును మనం కట్టబెట్టబోవడం ఎందుకు? ఆవగింజకూ మేరువుకూ మధ్య ఉన్న ఆ యుక్తి, కాలిన కుండపై జరిగిన ఆ తగాదా, తమంతట తామే నిలబడగలవు. వాటికి డాల్టన్ ఇచ్చే యోగ్యతాపత్రం అక్కరలేదు. "మన వాళ్ళు ముందే కనుక్కున్నారు" అన్న ఒక్క వాక్యంతో సరిపెడితే పిల్లవాడికి ఆ రెండూ తెలియకుండానే పోతాయి.

మన భాషలో ఈ సంప్రదాయపు గుర్తు ఒకటి నిలిచి ఉంది. 1811లో ఇటలీ దేశస్థుడు అవొగాద్రో పరమాణువు వేరు, పరమాణువుల గుంపు వేరు అని చెప్పినా రసాయనజ్ఞులు చాలాకాలం చెవిన పెట్టలేదు. 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూహెలో జరిగిన సభలో కన్నిజారో దానిని మళ్ళీ వినిపించిన తరువాతనే నీటి లెక్క స్థిరపడింది. తెలుగు శాస్త్రగ్రంథాలు ఆ రెండింటికీ అణువు, పరమాణువు అనే పాత దర్శనపదాలనే వాడుకున్నాయి. నీటి అణువులో మూడు పరమాణువులుంటాయి. ఇంత చక్కగా పంచిపెట్టిన మాటలను వార్తాపత్రికలు మళ్ళీ కలిపేశాయి. అణుబాంబు, అణువిద్యుత్తు అంటున్నాం. నిజానికి అక్కడ పని జరిగేది పరమాణు కేంద్రకంలో.

డాల్టన్ పరమాణువుకు లోపలి నిర్మాణం లేదు. ఆ లోపలికి వెళ్ళే దారిలో ఐర్లండ్ మళ్ళీ కనిపిస్తుంది. బర్ పట్టణ సమీపంలో పుట్టిన జార్జ్ జాన్‌స్టన్ స్టోనీ విద్యుత్తుకు కూడా ఒక కనిష్ఠ పరిమాణం ఉండాలని 1874లో బెల్ఫాస్ట్ సభలో చెప్పాడు. 1891లో రాయల్ డబ్లిన్ సొసైటీ పత్రికలో దానికి ఎలక్ట్రాన్ అని పేరు పెట్టాడు. ఆ కణాన్ని 1897లో ప్రయోగంతో నిరూపించిన జె.జె. థామ్సన్ ఆ పేరును చాలాకాలం వాడలేదు. లోకం మాత్రం స్టోనీ మాటనే ఉంచుకున్నది.

మరొక సంగతి మన ఇంటి పక్కదే. బ్లాంచర్డ్స్‌టౌన్‌కు దగ్గరలోనే డన్‌సింక్ నక్షత్రశాల ఉంది. విలియం రోవన్ హామిల్టన్ 1827 నుంచి 1865లో మరణించేవరకు అక్కడే ఉన్నాడు. కాంతి మార్గాలకూ వస్తువుల గమనానికీ ఒకే రకమైన గణితం సరిపోతుందని అతడు 1830లలో చూపాడు. పరమాణువు అతని విషయం కాదు. తొంభై సంవత్సరాల తరువాత, 1926లో, ఎర్విన్ ష్రోడింగర్ ఆ పోలికనే ఆధారం చేసుకొని పరమాణువులోని ఎలక్ట్రాన్‌కు తన సమీకరణం వ్రాశాడు. హామిల్టన్ ఋణాన్ని దాచుకోలేదు. ఆ సమీకరణంలో నేటికీ హామిల్టన్ పేరు ఉంది. ష్రోడింగర్ 1939లో డబ్లిన్‌కు వచ్చి పదిహేడు సంవత్సరాలు ఇక్కడే పనిచేశాడు.

1932 ఏప్రిల్ 14న కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో, వాటర్‌ఫర్డ్ కౌంటీ డన్‌గార్వన్‌లో పుట్టిన ఎర్నెస్ట్ వాల్టన్, జాన్ కాక్‌క్రాఫ్ట్‌తో కలిసి నిర్మించిన యంత్రంతో లిథియం కేంద్రకాన్ని చీల్చాడు. వారి గాజుగొట్టాలలోంచి గాలిని పూర్తిగా లాగివేయాలి. అతుకుల వద్ద గాలి దూరకుండా పిల్లలు ఆడుకునే ప్లాస్టిసిన్ ముద్దలను అదిమారు. అదే ప్రయోగశాలలో అదే సంవత్సరం జేమ్స్ చాడ్విక్ న్యూట్రాన్‌ను కనుగొన్నాడు. చాడ్విక్ తరువాత లివర్‌పూల్‌కు వెళ్ళాడు. అక్కడ అతనివద్ద పరిశోధన చేసినవారిలో ఒక తెలుగు సన్యాసి ఉన్నాడు.

ఆయన స్వామి జ్ఞానానంద. పశ్చిమ గోదావరిలోని గొరగనమూడిలో 1896లో పుట్టినప్పటి పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. హిమాలయాల్లో తపస్సు చేసి, ఐరోపాకు వెళ్ళి, ప్రాగ్ నగరంలో ఎక్స్-కిరణాల వర్ణపటాలను, లివర్‌పూల్‌లో కేంద్రకాలనుంచి వెలువడే బీటా కిరణాలను కొలిచాడు. దర్శనాలూ ఆయనకు తెలుసు, తరాజూ తెలుసు. ఒకదాని పని రెండవదానికి అప్పగించలేదు. తిరిగి వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర విభాగానికి పునాది వేశాడు. విశాఖలోని ఆ పరిశోధనశాల ఆయన పేరుతోనే ఉంది. అంతకు ముందే, 1947లో, అమెరికాలో ఆయన ఆంగ్లగ్రంథం ఒకటి అచ్చయింది. శూన్యాన్ని గురించి సన్యాసి వ్రాసిన పుస్తకం అనగానే వేదాంతం అనుకుంటాం. గాలిని ఒక పాత్రలోంచి ఎంతవరకు లాగివేయగలం, లోపల మిగిలినది ఎంతో ఎలా కొలవాలి అన్నవే అందులోని ప్రశ్నలు.