పాడ్ మీది మజ్దూర్

మా వైపు ముస్లిం మేస్త్రీల నోట పనిముట్ల పేర్లు వింటుంటే అదే ఒక తవారీఖ్ అనిపిస్తుంది. మూలమట్టం గునియా. గ్రీకు నుంచి ఫార్సీ మీదుగా వచ్చిన లఫ్జ్ అది. గోడ నిటారు చూసే గుండు సాహుల్, దాని మూలం అరబ్బీ షాఖూల్. తాపీని కర్నీ అంటారు. ఎత్తులో నిలబడడానికి కట్టే కట్టెల మంచె పాడ్, తెలుగులో పరంజా, గోవ. ఇన్ని లఫ్జులున్నాయి గానీ, ఆ పాడ్ మీద నుంచి జారిన మనిషిని పట్టి ఆపే సామానుకు మన దగ్గర సొంత పేరే లేదు. బెల్టు అంటాం, అంతే. అది మన దగ్గరికి ఎంత ఆలస్యంగా వచ్చిందో ఆ పేరే చెప్తుంది.

పాత పాడ్ అంటే నాలుగు కట్టెలు, తాడు. గోడ లేస్తున్నకొద్దీ అందులో బొక్కలు వదిలి, అడ్డకట్టెలు దూర్చి, వాటి మీద పలకలు పరిచేవాళ్లు. పాత గోడల్లో వరసగా కనిపించే చదరపు బొక్కలు చాలావరకు అవే. ఇప్పుడు వాటిలో పిచ్చుకలు కాపురం పెడతాయి. డంగులో ఎద్దులు నూరిన సున్నాన్ని ఔరతులు తట్టల్లో నెత్తిన పెట్టుకుని పైకి మోసేవాళ్లు.

మన ఎల్లారెడ్డి వైపు పెద్ద కట్టడాలన్నీ ఆ జమానావే. 1922లో పోచారం ప్రాజెక్టు పూర్తయింది. మరుసటి ఏడే అచ్చంపేట దగ్గర మంజీర మీద నిజాంసాగర్ పని మొదలై 1931 దాకా నడిచింది. దాదాపు మూడు కిలోమీటర్ల కట్ట. దాన్ని నడిపించిన చీఫ్ ఇంజినీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టిన జూలై 11ని తెలంగాణ ఇంజినీర్ల దినంగా జరుపుకుంటున్నాం. ఫఖర్ పడాల్సిన మాటే, నేనూ పడతాను. కాకపోతే నిజాంసాగర్ అనగానే నిజాం పేరు చెప్తాం, నవాబ్ సాబ్ పేరు చెప్తాం. రాళ్లెత్తిన మజ్దూర్ల పేర్లు ఎవరి నోటా రావు.

అదే 1923లో బ్రిటిష్ ఇండియాలో ఒక ఖానూన్ వచ్చింది. కొన్ని రకాల పనుల్లో మజ్దూర్ గాయపడినా చనిపోయినా యజమాని ముఆవజా ఇవ్వాలన్నది దాని సారాంశం. నిజాం రియాసత్ దాని హద్దు బయట ఉండేది.

నిజాంసాగర్ పూర్తయిన 1931లోనే అమెరికాలో కొలరాడో నది మీద హూవర్ డ్యామ్ పని మొదలైంది. పైనుంచి రాళ్లు పడుతుంటే అక్కడి కూలీలు గుడ్డ టోపీలను తారులో ముంచి గట్టిపరుచుకున్నారు. కంపెనీ ఇవ్వకముందే మజ్దూర్ చేసుకున్న హెల్మెట్ అది. ఆ డ్యామ్ పనిలో పోయినవాళ్లు సర్కారీ లెక్కలో 96 మంది. తర్వాత శాన్ ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన కింద వల కట్టారు. అది 19 మందిని కాపాడింది. కానీ 1937 ఫిబ్రవరి 17న పాడే తెగి ఆ వల మీద పడింది. వల చిరిగింది, పది మంది పోయారు. వల మనిషి బరువుకు కట్టింది, పాడ్ బరువుకు కాదు.

ఇనుప గొట్టాల పాడ్ లండన్‌లో 1910ల నాటిది. మన పిల్లలకు దాని ఇల్మ్ ఎక్కువగా గల్ఫ్‌లో అబ్బింది. కామారెడ్డి, ఎల్లారెడ్డిల నుంచి పోయినవాళ్లలో స్కఫోల్డర్లున్నారు. అక్కడ పాడ్‌కు పచ్చ ట్యాగ్ ఉంటేనే ఎక్కాలి, ఎర్ర ట్యాగ్ ఉంటే దగ్గరికి కూడా పోవద్దు. తిరిగొచ్చి ఇక్కడ కట్టెల గోవ మీద ప్లాస్టరింగ్ చేస్తున్న ఒక భాయిని అడిగాను, బెల్టు ఏదని. "అక్కడ బెల్టు లేకుంటే గేటే దాటనియ్యరు భాయ్. ఇక్కడ బెల్టు అడిగితే ఇంకో మేస్త్రీని పిలుస్తరు" అన్నాడు.

మన దేశంలో భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. 18 నుంచి 60 ఏళ్ల లోపు వాళ్లు, ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపిస్తే బోర్డు కార్డు దొరుకుతుంది. మేస్త్రీ పని చేసే ప్రతి ఇంట్లో అది ఉండాలి. అయితే ఆ చట్టం పది మందికి తక్కువ పనిచేసే చోటికి వచ్చేది కాదు. సొంతానికి కట్టుకునే ఇల్లు 10 లక్షల లోపైతే అదీ దాని బయటే ఉండేది. 2020 కోడ్ ఆ హద్దును 50 లక్షలకు పెంచింది. అంటే మన గల్లీలో లేచే ఇల్లు మునుపటికంటే ఖానూన్‌కు ఇంకా దూరం జరిగింది. ఆ పాడ్ తాడు గట్టిగా ఉందో లేదో చూడడానికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. చూడాల్సింది ఇల్లు కట్టించుకుంటున్న మనమే.