39 వేల జింకలేనా? ఆకాశం నుంచి వేసిన ఒక లెక్క కథ

ఈరోజు కెనడా ఉత్తరానికి వెళ్దాం. అక్కడ కారిబూ అనే జింక ఉంటుంది. క్రిస్మస్ బొమ్మల్లో శాంటా బండి లాగే రెయిన్‌డీర్ ఉంది చూశారా, అదే. ఇన్యూట్, డెనే ప్రజలకి తరతరాలుగా తిండీ బట్టా దీని నుంచే.

ఇవి ఎన్ని ఉన్నాయి? ఎర్నెస్ట్ థాంప్సన్ సీటన్ అనే రచయిత అప్పట్లో 3 కోట్లు అనేశాడు. ఉత్త ఊహ! 1948-49లో బాన్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త విమానంలో సర్వే చేస్తే సుమారు 6 లక్షల 70 వేలు తేలింది. 1955 నాటికి 2 లక్షల 80 వేలన్నారు. ఇంకేముంది, వేటగాళ్ల మీద పడ్డారు.

ఇంతకీ పైనుంచి ఎలా లెక్కేస్తారు? మొత్తం నేల చూడరు. విమానం గీత గీసినట్టు నేరుగా వెళ్తుంది. రెక్క కింది కడ్డీకి గుర్తులు పెట్టి, వాటి మధ్య కనిపించే పట్టీలో ఉన్నవే లెక్కపెడతారు. ఆ పట్టీలన్నీ కలిపి మొత్తంలో పదో వంతు అయితే, వచ్చిన నంబర్‌ని 10తో గుణిస్తారు. అన్నం ఉడికిందా అని ఒక మెతుకు పట్టి చూస్తాం కదా, అలా అన్నమాట. కాకపోతే గిన్నెలో మెతుకులన్నీ ఒకేలా ఉడుకుతాయి. కారిబూ అలా కాదు, ఒకచోట వేలల్లో ఉంటాయి, పక్కనంతా ఖాళీ. పైగా మంచు సగం కరిగి నేల మచ్చలు మచ్చలుగా ఉంటే, గోధుమరంగు జింకని కనిపెట్టడం నరకం. ఎగిరే ఎత్తు, వేగం, పట్టీ వెడల్పు, వీటిలో ఏది పెరిగినా కంటికి మిస్సయ్యేవి పెరుగుతాయని 1974లో గ్రేమ్ కాగ్లీ లెక్కలతో చూపించాడు.

ఇప్పుడు అసలు కథ. హడ్సన్ బే పడమర వైపు కామినూరియాక్ అనే మంద ఉంది. 1980 సర్వేలో 39 వేలే అన్నారు. వేట తగ్గించాలని ఆఫీసర్లు పట్టుబట్టారు. జింకలు తగ్గలేదు, వేరేచోటికి వెళ్లాయని ఇన్యూట్ పెద్దలు మొత్తుకున్నారు. పట్టించుకున్నవాళ్లు తక్కువ.

రెండు మూడేళ్లకే కొత్త సర్వేల్లో సంఖ్య లక్ష దాటేసింది! ఆడ కారిబూ ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది, అంత స్పీడుగా పెరిగే ఛాన్సే లేదు. వేరే మందల నుంచి వచ్చి కలిశాయా, ముందే ఉన్నా కనపడలేదా అని శాస్త్రవేత్తలు వాదించుకున్నారు. ఎలా చూసినా, వేటే మందని తుడిచిపెట్టేస్తోందన్న మాట మాత్రం నిలబడలేదు.

1982లో ఆ మంద కోసం ఒక బోర్డు పెట్టారు. అందులో ఎక్కువమంది ఆ ఊళ్లవాళ్లే. లెక్కింపు కూడా మారింది. పిల్లల్ని కనే చోట పైనుంచి ఫోటోలు తీసి, తర్వాత తీరిగ్గా కూర్చుని ఒక్కో చుక్కనీ లెక్కపెట్టడం మొదలైంది.