గర్భిణి రక్తహీనత: పళ్లెం నుంచి మాత్ర దాకా

ఫోలిక్ యాసిడ్ మాట వస్తే మన పత్రికలు భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారితో మొదలుపెడతాయి. ఇంగ్లండు వాళ్లు రాస్తే తమ వైద్యురాలు లూసీ విల్స్, ఆమె చేతిలో మార్మైట్ సీసా. రెండూ నిజాలే, కానీ రెండూ మందు దొరికిన కథలు. ఆ మందు ఎవరి తిండిలోని లోటుకు అవసరపడిందో రెండింటిలోనూ ఒక వాక్యంలో తేలిపోతుంది.

తొలి ఘట్టాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. గర్భిణులకూ బాలింతలకూ వచ్చే తీవ్రమైన రక్తహీనతను బోస్టన్ వైద్యుడు వాల్టర్ చానింగ్ 1842లోనే వర్ణించాడు. పాలిపోయిన వాళ్లకు ఇనుము ఇవ్వడం అప్పటికే పాత వైద్యం. 1926లో అమెరికా వైద్యులు మైనాట్, మర్ఫీలు పెర్నీషియస్ అనీమియా అనే ప్రాణాంతక రక్తహీనతను కాలేయం తినిపించి అదుపు చేశారు. ఇక ప్రతి రక్తహీనతకూ కాలేయమే విరుగుడన్న ధీమా ప్రబలింది.

ఆ ధీమాకు బొంబాయిలో గండిపడింది. వైద్యురాలు మార్గరెట్ బాల్ఫోర్ పిలుపు మీద విల్స్ 1928లో హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చింది. కడుపుతో ఉన్న పేద స్త్రీలలో, ముఖ్యంగా మిల్లు కార్మికుల్లో, ప్రాణం తీస్తున్న రక్తహీనత మీద పరిశోధన ఆమె పని. సూక్ష్మదర్శిని కింద వాళ్ల ఎర్ర కణాలు మామూలు కంటే పెద్దవిగా, కానీ తక్కువగా కనిపించేవి. ఆమె రక్తంతో ఆగలేదు, ఎవరు ఏం తింటున్నారో ఆరా తీసింది. జబ్బు ముదిరిన చోట పళ్లూ కూరగాయలూ అపురూపం. తరవాత ఎలుకల మీద, కోతుల మీద ప్రయోగాలు సాగాయి. చివరికి చవకైన ఈస్టు సారం మార్మైట్ పని చేసింది. రోజుకు కొన్ని చెంచాలతో కొద్ది రోజుల్లోనే ఆకలి తిరిగి వచ్చేది, రక్తంలో లేత కణాలు పెరిగేవి. 1931లో ఈ ఫలితం అచ్చయింది.

నా దృష్టిలో అసలు మలుపు మార్మైట్ కాదు, ఆ తరవాతి పరీక్ష. ముడి కాలేయం ఈ స్త్రీలకు మేలు చేసింది. పెర్నీషియస్ అనీమియాను నయం చేసే శుద్ధి చేసిన కాలేయ సారం మాత్రం పని చేయలేదు. అంటే కాలేయంలో రెండు వేర్వేరు పదార్థాలు ఉన్నాయన్నమాట. 1948లో వాటిలో ఒకటైన, పెర్నీషియస్ అనీమియాను నయం చేసే బి12 విడిగా చేతికి రావడానికి పదేళ్ల ముందే, 1938 నాటికే, విల్స్ ఈ తేడాను నిలబెట్టింది. ఈ స్త్రీలకు మేలు చేసిన రెండో పదార్థం ఏమిటన్నది ఆమె తేల్చలేదు. 1941లో అమెరికాలో పాలకూర నుంచి దాన్ని తీసి ఫోలిక్ యాసిడ్ అన్నారు. లెడర్లీ కంపెనీలో సుబ్బారావు నాయకత్వంలోని బృందం 1945లో దాన్ని కృత్రిమంగా తయారు చేసింది. కాబట్టి 'ఫోలిక్ యాసిడ్ కనిపెట్టింది మనవాడే' అనడం సరికాదు. అలాగని ఆయన పాత్ర చిన్నదీ కాదు. ఆ సంశ్లేషణ లేకపోతే పేదరాలి చేతికి మాత్ర అందేది కాదు.

చిక్కు కూడా అక్కడే వచ్చింది. మాత్ర చవకయ్యాక పళ్లెం సంగతి వెనకబడింది. 1970లో మన దేశం గర్భిణులకు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రల పథకం పెట్టింది. ఇప్పుడు రోజుకు 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, 180 రోజులు. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో రక్తహీనత ఉన్న గర్భిణులు 2015-16లో 50.4 శాతం, 2019-21లో 52.2 శాతం. వేలి కొస రక్తంతో చేసే పరీక్ష లెక్కను పెంచి చూపుతుందన్న అభ్యంతరం ఉంది, అది కొట్టేయదగ్గది కాదు. కానీ 180 రోజులూ మాత్రలు వాడిన తల్లులు 26 శాతమే. ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం చేతిలో పెట్టిన పొట్లం మింగినట్టు లెక్కకెక్కుతుంది. కడుపులో తిప్పుతుందనీ విరేచనం నల్లగా అవుతుందనీ బిడ్డ పెరిగి కాన్పు కష్టమవుతుందనీ అది బియ్యం డబ్బా వెనక ఉండిపోతుంది. వేసుకున్న వాళ్లలోనూ వెంటనే టీ తాగితే ఐరన్ సరిగా ఒంటబట్టదు.

సమయం మరో లోపం. పిండంలో వెన్నుపాము నాళం మూసుకునేది తొలి నాలుగు వారాల్లో. నెల తప్పిందని తేలి అంగన్‌వాడీలో పేరు రాయించుకునేసరికి ఆ గడువు దాటిపోతుంది. ఫోలిక్ యాసిడ్ ముందుగా అందితే ఆ నాళం సరిగా మూసుకోక వచ్చే లోపాలు బాగా తగ్గుతాయని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి తేల్చింది. మన పథకం కాగితం మీద గర్భానికి ముందు మాత్రలూ ఉన్నాయి, ఊళ్లో అడిగేవాళ్లు తక్కువ. బి12 విషయం ఇంకా సున్నితం. తల్లికి ఫోలేట్ ఎక్కువై బి12 తక్కువైతే పిల్లల్లో ఇన్సులిన్ నిరోధకత పెరగవచ్చని పుణెలో జరిగిన ఒక అధ్యయనం 2008లో చూపింది. పరిశీలన మాత్రమే అయినా, ఒక్క ఫోలిక్ యాసిడ్‌తో సరిపెట్టుకోవద్దని హెచ్చరించడానికి అది చాలు.

తెలంగాణ 2015లో తెచ్చిన ఆరోగ్య లక్ష్మి నాకు సరైన దారిగా తోస్తుంది. అంగన్‌వాడీలో కూర్చోబెట్టి అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు పెట్టడం విల్స్ ఆరా తీసిన తిండి లోటుకు నేరుగా జవాబు. అయితే కూలికి వెళ్లే మనిషి మధ్యాహ్నం అంత దూరం రాలేదు, పని మానితే కూలి పోతుంది. ఆమె పోగొట్టుకునే కూలిని ఎవరు భరిస్తారో చెప్పకుండా ఏ పోషణ పథకమైనా సగం పథకమే.