బర్క్‌లీ సోడా పన్ను

తియ్యటి పానీయాలపై ఆరోగ్యం పేరిట పన్ను వేసిన మొదటి అమెరికా నగరం కాలిఫోర్నియాలోని బర్క్‌లీ. అయితే బడి పిల్లల తిండి మీద ఆ ఊరి పట్టింపు పన్ను కంటే చాలా పాతది. షే పనీస్ రెస్టారెంటు నడిపే అలిస్ వాటర్స్ చొరవతో 1995లో అక్కడి మార్టిన్ లూథర్ కింగ్ మిడిల్ స్కూల్లో ఒక తోట మొదలైంది. పిల్లలే మడులు తవ్వి, నాటి, కోసిన కూరల్ని బడి వంటగదిలో వండుకుని తింటారు. క్రమంగా ఇతర బడుల్లోనూ తోటపని, వంట పాఠాల్లో చేరాయి. వాటికి ఆసరాగా ఉన్న ఫెడరల్ నిధులు 2013లో ఆగిపోయాయి. సోడా పన్ను ప్రతిపాదన ముందుకొచ్చేసరికి ఈ లోటు ఊరి వాళ్ల కళ్ల ముందే ఉంది.

పొరుగునున్న రిచ్‌మండ్ 2012లోనే ఇలాంటి పన్నుకు ప్రయత్నించి ఓటర్ల చేతిలో చిత్తుగా ఓడింది. అప్పటి కాలిఫోర్నియా చట్టంలో ఒక మెలిక ఉంది. వచ్చే సొమ్మును ఫలానా పనికే వాడతామని పన్ను శాసనంలో రాస్తే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. ఏమీ రాయకుండా నగర ఖజానాలో కలిపేస్తే సగానికి మించితే చాలు. 2014 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో మొదటి దారి పట్టింది. సగానికి పైగా ఓటర్లు సరేనన్నా పన్ను రాలేదు. అదే రోజు బర్క్‌లీ రెండో దారిలో వెళ్లింది. సొమ్ము ఎటు ఖర్చుపెట్టాలో నగర మండలికి సిఫారసు చేసేందుకు తొమ్మిది మంది నిపుణుల సంఘాన్ని మాత్రం శాసనంలో చేర్చింది. పానీయాల కంపెనీలు వ్యతిరేక ప్రచారానికి 20 లక్షల డాలర్లకు పైగా కుమ్మరించాయి. పన్ను తరఫున న్యూయార్క్ మాజీ మేయర్ మైఖేల్ బ్లూమ్‌బర్గ్ సొమ్మూ దిగింది. చివరికి పన్నుకు అనుకూలంగా 76 శాతం ఓట్లు పడ్డాయి. శాన్‌ఫ్రాన్సిస్కో దారిలో వెళ్లినా బర్క్‌లీ గట్టెక్కేదే.

వసూలు 2015 మార్చిలో మొదలైంది. ఔన్సుకు ఒక సెంటు, అంటే 355 మిల్లీలీటర్ల డబ్బాకు 12 సెంట్లు. కట్టాల్సింది దుకాణదారు కాదు, అతనికి సరుకు వేసే డిస్ట్రిబ్యూటరు. పాలు, అచ్చమైన పళ్లరసం, డైట్ పానీయాలకు మినహాయింపు ఇచ్చారు. పేదలు ఎక్కువగా ఉండే పేటల్లో తియ్యటి పానీయాల వాడకం ఐదో వంతు తగ్గిందని 2016లో ఒక అధ్యయనం తేల్చింది.

ఏటా సుమారు 15 లక్షల డాలర్లు వచ్చాయి. నిపుణుల సంఘం సిఫారసుతో అందులో పెద్ద వాటా బడుల తోటలకూ వంట పాఠాలకూ వెళ్లింది, మిగతాది పేటల్లో ఆరోగ్య ప్రచారం చేసే సంస్థలకు పంచారు. చట్టం నిర్బంధించకపోయినా సొమ్ము ఇలాంటి పనులకే వెళ్లిందంటే అది ఆ సంఘం చలవే. లేకుంటే ఈ డబ్బు ఏ రోడ్ల మరమ్మతులోనో కలిసిపోయేదేమో.

2016లో శాన్‌ఫ్రాన్సిస్కో, ఓక్లండ్, ఆల్బనీ కూడా బర్క్‌లీ పద్ధతినే పట్టుకుని గెలిచాయి. దాంతో కంపెనీలు ఎత్తు మార్చాయి. స్థానిక పన్నులన్నిటికీ మూడింట రెండొంతుల ఓట్లు తప్పనిసరి చేసే ప్రతిపాదనను 2018లో రాష్ట్రవ్యాప్త ఓటుకు సిద్ధం చేశాయి. అది నెగ్గితే నగరాల ఆదాయానికే గండి. దాన్ని వెనక్కి తీసుకున్నందుకు ప్రతిగా 2031 దాకా కొత్త సోడా పన్నులు వేయరాదని రాష్ట్రం చట్టం చేసింది. అప్పటికే ఉన్నవి కొనసాగాయి. బర్క్‌లీ పన్నుకు మొదట పెట్టిన పన్నెండేళ్ల గడువును 2024 నవంబరులో ఓటర్లు ఎత్తివేశారు.