మన ఊరికి ఆకాశం నుంచి సిగ్నల్: ఇది మొదటిసారి కాదు

ఈ రోజు ఎపిసోడ్ శాటిలైట్ ఇంటర్నెట్ మీద. కానీ ప్లాన్లు, స్పీడు, రివ్యూలు ఇవేం కాదు. ఒక యాభై ఏళ్ళు వెనక్కి వెళ్దాం. ముందు ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానో చెప్తా.

మా మేనత్త వాళ్ళది మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ వెళ్ళే దారిలో, మెయిన్ రోడ్డు వదిలి లోపలికి పోతే వచ్చే ఒక చిన్న ఊరు. చుట్టూ పొలాలు, సాగర్ ఎడమ కాలువ నీళ్ళు. వాళ్ళ అబ్బాయికి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ టైములో వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి. సరిగ్గా ఆ వారమే రోడ్డు పని జరుగుతుంటే జేసీబీ కింద పడి ఫైబర్ కేబుల్ తెగింది. మొబైల్ సిగ్నల్ ఆ ఊర్లో ముందు నుంచీ అంతంత మాత్రమే. మేడ ఎక్కితే రెండు గీతలు, దిగితే సున్నా. మా అత్త నాకు ఫోన్ చేసి, "నెట్టు లేకుంటే సీటు పోతదా బిడ్డా?" అని అడిగింది. పోదు అత్తా అన్నాను గానీ, నాకే గ్యారెంటీ లేదు. చివరికి వాడు బండి మీద మిర్యాలగూడ వచ్చి, నెట్ సెంటర్లో లైన్లో నిలబడి, చివరి రోజు ఆప్షన్లు పెట్టుకున్నాడు. సీటు వచ్చిందనుకోండి.

ఆ రోజు సాయంత్రమే నాకు ఒక వాట్సాప్ ఫార్వర్డ్ వచ్చింది. "చరిత్రలో మొదటిసారి పల్లెటూరి ఇళ్ళకు నేరుగా ఉపగ్రహం నుంచి..." అని. అదే నన్ను ఆపేసింది. ఎందుకంటే అది మొదటిసారి కాదు. టవర్ లేకుండా, కేబుల్ లేకుండా, ఆకాశం నుంచి నేరుగా తెలుగు ఊళ్ళలోకి సిగ్నల్ రావడం 1975లోనే జరిగింది.

ఒక్కసారి ఆ టైమ్ ఊహించుకోండి. హైదరాబాద్‌లోనే టీవీ లేదు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1977 అక్టోబర్ 23న. అంటే రాజధానికి టీవీ రాకముందే కొన్ని పల్లెలకు టీవీ వచ్చింది. వినడానికి జోక్‌లా ఉంటుంది కానీ నిజం.

ఆ ప్రయోగం పేరు సైట్. పూర్తి పేరు శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్. 1975 ఆగస్టు 1న మొదలై 1976 జూలై 31న ముగిసింది. ఆరు రాష్ట్రాలు, దాదాపు 2,400 ఊళ్ళు. ఆ ఆరింటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. రాష్ట్రానికి నాలుగు వందల ఊళ్ళ లెక్క వేసుకోండి. ఒక ఊరికి వచ్చి, పక్క ఊరికి రాని పరిస్థితి.

ఈ ఆలోచన విక్రమ్ సారాభాయ్‌ది. 1969లోనే అమెరికా నాసాతో ఒప్పందం కుదిరింది. ఆయన లాజిక్ సింపుల్. దేశమంతా టవర్లు కట్టుకుంటూ పోతే ముందు పట్నాలకు, ఆ తర్వాత ఎప్పటికో పల్లెలకు. ఉపగ్రహానికి ఆ తేడా లేదు. ఢిల్లీ మీద ఎంత సిగ్నల్ పడుతుందో మన చేను మీదా అంతే పడుతుంది. కాబట్టి వరస తిప్పేద్దాం, పల్లెతోనే మొదలుపెడదాం అన్నాడు. కానీ తను అది చూడలేదు. 1971 డిసెంబర్‌లో చనిపోయాడు. అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌లో యశ్‌పాల్, ఇ.వి. చిట్నిస్ లాంటి వాళ్ళు దాన్ని పూర్తి చేశారు.

పంచాయతీ దగ్గరో స్కూల్లోనో ఒక టీవీ సెట్టు. బయట పది అడుగుల డిష్. దాన్ని దేనితో చేశారో తెలుసా? కోళ్ళగూటికి కట్టే జాలీ ఉంటుంది కదా, ఆ రకం ఇనుప వల. చవక, తేలిక, గాలికి కొట్టుకుపోదు. ఆ సెట్లు తయారైంది మన హైదరాబాద్ ఈసీఐఎల్‌లో. సిటీ బస్సు బోర్డు మీద ఈసీఐఎల్ అని రోజూ చూస్తాం కదా, అదే కంపెనీ.

ప్రోగ్రాములు తయారు చేసే సెంటర్లు మూడు: ఢిల్లీ, కటక్, హైదరాబాద్. తెలుగు, కన్నడ ప్రోగ్రాములు హైదరాబాద్‌లో తయారయ్యేవి. పైకి పంపేది మాత్రం అహ్మదాబాద్ నుంచి. అంటే హైదరాబాద్‌లో తీసిన తెలుగు పాఠం గుజరాత్ వెళ్ళి, అక్కడి నుంచి 36,000 కిలోమీటర్ల పైకి ఎక్కి, మళ్ళీ మన పల్లెలో దిగేది. ఉపగ్రహంలో ఒక బొమ్మకు రెండు సౌండ్ ట్రాకులు పంపే ఏర్పాటు ఉంది. ఒకే బొమ్మకు ఒక ఊర్లో తెలుగు వినిపిస్తే ఇంకో ఊర్లో కన్నడ. ఇవాళ మనం ఓటీటీలో ఆడియో మార్చుకుంటాం చూడండి, అది 1975లో పల్లెటూరి టీవీలో ఉంది.

రోజుకు మొత్తం నాలుగు గంటల ప్రసారం. పొద్దున గంటన్నర బడి పిల్లలకి, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దవాళ్ళకి. అది అన్ని భాషలూ పంచుకోవాలి కాబట్టి, పొద్దున ఒక్కో భాషకు దక్కింది ఇరవై రెండున్నర నిమిషాలు. సాయంత్రం వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, కొంచెం ఆటపాట. దానితో పాటు అన్ని రాష్ట్రాలకూ కలిపి ఒక అరగంట హిందీ ప్రోగ్రాం. తెలుగు ఊరి రచ్చబండ దగ్గర హిందీ వార్తలు ఎంతమందికి అర్థమయ్యాయో మీరే ఊహించుకోండి. పైగా అది ఎమర్జెన్సీ టైమ్. 1975 జూన్ 25న ఎమర్జెన్సీ, ఆగస్టు 1న ఈ టీవీ. ఆ పెట్టెలో ఏం చూపించాలో నిర్ణయించేది ప్రభుత్వం ఒక్కటే. నేను సైట్‌కి ఫ్యాన్‌ని, దాచుకోను. అయినా ఈ మాట చెప్పకుండా దాన్ని పొగిడితే అది సగం కథే అవుతుంది.

ఇక అసలు విషయానికొద్దాం. ఆ ఉపగ్రహం మనది కాదు. పేరు ఏటీఎస్-6. అమెరికా వాళ్ళది. 1974 మేలో ప్రయోగించారు. 1975లో దాన్ని జరిపి జరిపి తూర్పు ఆఫ్రికా మీదకు తెచ్చారు, అక్కడి నుంచి మన దేశం కనిపిస్తుంది కాబట్టి. ఏడాది మనకిచ్చారు. ఏడాది అయిపోగానే మళ్ళీ పడమర వైపు తీసుకెళ్ళిపోయారు. ఒప్పందంలోనే అలా ఉంది, వాళ్ళ తప్పేం లేదు. కానీ ఊర్లో కూర్చుని చూసేవాళ్ళ వైపు నుంచి ఆలోచించండి. ఏడాది పాటు రోజూ సాయంత్రం అందరూ పోగయ్యేవారు. ఒక రోజు పెట్టె ఆన్ చేస్తే చుక్కలు, గీతలు. సెట్టు బాగానే ఉంది, కరెంటు ఉంది, డిష్ ఉంది. పైనున్నది లేదు. కొన్నిచోట్ల తర్వాత నేల మీద ట్రాన్స్‌మిటర్లు పెట్టి కొనసాగించారు. మిగతా ఊళ్ళకు మళ్ళీ ఎదురుచూపే.

మన సొంత ఉపగ్రహం ఇన్సాట్-1ఏ 1982 ఏప్రిల్‌లో వెళ్ళింది, అదే ఏడాది సెప్టెంబర్‌లో పాడైపోయింది. 1983 ఆగస్టులో ఇన్సాట్-1బి వెళ్ళాకే నిలకడ వచ్చింది. అంటే స్విచ్ మన చేతికి రావడానికి ఏడేళ్ళు పట్టింది.

ఆ తర్వాతి ఇరవై ఏళ్ళు ఫాస్ట్‌గా చెప్తా. 1980ల చివర్లో నిక్‌నెట్ వచ్చింది. జిల్లా కేంద్రాల్లో చిన్న డిష్‌లు పెట్టి కంప్యూటర్లను ఢిల్లీతో కలిపారు. అప్పటికి సూర్యాపేట, కోదాడ అన్నీ నల్గొండ జిల్లానే కదా, సూర్యాపేట జిల్లా అయ్యింది 2016 అక్టోబర్ 11న. 1994లో నేషనల్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్ వచ్చాక షేర్ బ్రోకర్ల మేడల మీద డిష్‌లు లేచాయి. ఆ తర్వాత బ్యాంకులు, ఏటీఎంలు, పెట్రోల్ బంకులు. గమనించారా? ఉపగ్రహం నుంచి రెండు వైపులా మాట్లాడే డిష్ ఆఫీసుకు వచ్చింది, వ్యాపారికి వచ్చింది. ఇంటికి మాత్రం రాలేదు. ఇంటి మీదకు వచ్చింది డీటీహెచ్ గొడుగు. అది వినిపిస్తుంది, చూపిస్తుంది, మనం చెప్పేది మాత్రం వినదు.

ఈ తేడా మీకు కరోనా టైములో అనుభవమే. 2020 సెప్టెంబర్ 1 నుంచి మన ప్రభుత్వ బడి పిల్లలకు క్లాసులు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానెళ్ళలో వచ్చాయి. మీలో చాలామంది అప్పుడు హైస్కూల్లో ఉండుంటారు. లెక్క అర్థం కాకపోతే ఏం చేశారు? టీవీలో సార్‌ని అడగలేం కదా. సరిగ్గా 45 ఏళ్ళ తర్వాత కూడా మన పల్లె పిల్లాడి దగ్గర ఉన్నది 1975 నాటి ఏర్పాటే. సిగ్నల్ దిగుతుంది, మన ప్రశ్న పైకి వెళ్ళదు.

ఇప్పుడు వస్తున్నది దాన్ని మారుస్తుంది. అందుకే దీన్ని నేను హైప్ అని కొట్టిపారేయను. పాత ఉపగ్రహాలు 36,000 కిలోమీటర్ల పైన. మీ క్లిక్ పైకెళ్ళి కిందికి దిగి, జవాబు మళ్ళీ పైకెళ్ళి కిందికి రావాలంటే దాదాపు అర సెకను. వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడేస్తారు, గేమ్ అయితే మీరు గన్ పేల్చేలోపే చచ్చిపోతారు. స్టార్‌లింక్ ఉపగ్రహాలు 550 కిలోమీటర్ల దగ్గర్లో, వన్‌వెబ్‌వి 1,200 దగ్గర్లో తిరుగుతాయి. ఆలస్యం బాగా తగ్గిపోతుంది. కాకపోతే అంత కిందున్నవి ఒకచోట నిలబడవు, పరిగెడుతూనే ఉంటాయి. అందుకే వందలు, వేలు కావాలి. వన్‌వెబ్ ఉపగ్రహాల్లో 72 మన శ్రీహరికోట నుంచే వెళ్ళాయి, 2022 అక్టోబర్‌లో 36, 2023 మార్చిలో 36.

మన దేశంలో దీని కథ కూడా కొంచెం తొందరపాటుతోనే మొదలైంది. 2021లో స్టార్‌లింక్ 99 డాలర్లకు ముందస్తు బుకింగులు తీసుకుంది. లైసెన్స్ లేదు, డబ్బు కట్టొద్దు అని ఆ నవంబర్‌లో కేంద్రం జనానికి చెప్పింది. కంపెనీ డబ్బు వెనక్కి ఇచ్చేసింది. లైసెన్స్ వచ్చింది 2025 జూన్‌లో. దానికి ముందే, మేలో, ట్రాయ్ ఒక సిఫారసు చేసింది. కంపెనీలు ఆదాయంలో 4 శాతం స్పెక్ట్రం కోసం కట్టాలి, పట్టణ కనెక్షన్ అయితే ఒక్కోదానికి ఏడాదికి ఇంకో 500 రూపాయలు. గ్రామాలకు ఆ అదనం లేదు. పల్లెకు మొగ్గు చూపించడం మంచిదే, సారాభాయ్ ఆలోచన ఎక్కడో మిగిలే ఉంది. కానీ మా అత్త వాళ్ళ లాంటి ఇంటికి అడ్డం ఆ 500 కాదు. డిష్ ధర, నెలనెలా బిల్లు, కరెంటు పోతే ఇన్వర్టర్. 1975లో ఊరంతటికీ ఒక్క సెట్టు, ఖర్చు సర్కారుది. ఇప్పుడు ఇంటికో డిష్, ఖర్చు ఇంటిది. నన్నడిగితే పంచాయతీకి ఒకటి, స్కూలుకి ఒకటి పెట్టి మొదలుపెట్టాలి. ఫైబర్ తెగిన వారం ఊరంతా అక్కడికి రావచ్చు. నాలుగు రూపాయలు ఎక్కువైనా నేల మీది ఫైబర్ బాగుచేసుకోవడమే మేలనే వాళ్ళూ ఉన్నారు. మిర్యాలగూడ టౌన్లో ఉంటే నేనూ అదే అంటా.

ప్రయాణం చేసేవాళ్ళకు ఒక ముక్క. 65వ నంబర్ హైవే మీద సూర్యాపేట నుంచి కోదాడ దాకా మీకు శాటిలైట్ అవసరం లేదు, ఫోన్ చాలు. కానీ మన దగ్గర అమెరికా నుంచి సెలవులకు వచ్చే వాళ్ళు చాలామంది. అన్నయ్యతోనో బావతోనో అక్కడి శాటిలైట్ ఫోన్, చిన్న డిష్ తెప్పించుకుందాం అనుకుంటే ఆగండి. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ పెట్టుకోవడం మన దేశంలో నేరం. తెలియక తెచ్చుకుని ఎయిర్‌పోర్టులో పట్టుబడ్డ విదేశీ టూరిస్టుల వార్తలు చాలా ఉన్నాయి. 2008 ముంబై దాడుల్లో టెర్రరిస్టులు శాటిలైట్ ఫోన్ వాడిన తర్వాత ఈ విషయంలో పట్టు ఇంకా బిగిసింది.

ఇదే 1975 ప్రశ్నకు ఇంకో వైపు. అప్పుడు పైనున్న స్విచ్ నాసాది, పెట్టెలో మాట ఢిల్లీది. ఇప్పుడు స్విచ్ ఒక ప్రైవేటు కంపెనీది కావచ్చు, దానికి తాళం ప్రభుత్వానిది. కనెక్షన్ తీసుకునే రోజు స్పీడు ఎంత అని అందరం అడుగుతాం. ఇది ఆపేస్తే ఎన్ని రోజుల ముందు చెప్తారు, ఆ తర్వాత నా డిష్ దేనికి పనికొస్తుంది అని మా అత్తతో కూడా అడిగిస్తా నేను.

లాస్ట్‌లో ఒక చిన్న పని. మీ ఇంట్లో అరవై ఐదు, డెబ్బై దాటిన తాతయ్యలు, అమ్మమ్మలు ఉంటే అడగండి. చిన్నప్పుడు స్కూల్లోనో పంచాయతీ దగ్గరో జాలీ డిష్ పెట్టిన టీవీ చూశారా అని. అందులో ఏం చూశారో, ఆగిపోయిన రోజు ఏమనుకున్నారో ఫోన్లోనే రికార్డ్ చేసి మాకు పంపండి. తగినన్ని వస్తే ఒక ఎపిసోడ్ మొత్తం వాళ్ళ గొంతుల్లోనే పెడతాం. ఉంటా మరి.